అనంతపురం లోతు బోర్లు, సోలార్ మోటార్లు: 42 హెర్ట్జ్ గీత

ఉదయం ఎనిమిదిన్నర. నార్పల, గార్లదిన్నె వైపు చీనీ (బత్తాయి) తోటల్లో ఆ వేళకే ఎండ చురుక్కుమంటూ ఉంటుంది. ప్యానెళ్లు మెరుస్తుంటాయి. పక్కనే రాతి కూసానికి బిగించిన కంట్రోలర్ డబ్బాలో పచ్చ దీపం వెలుగుతుంటుంది, తెర మీద 38 హెర్ట్జ్ అన్న అంకె కనిపిస్తుంటుంది. బోరు పైపుకు చెవి ఆనిస్తే లోపల మోటారు తిరుగుతున్న సద్దు తెలుస్తుంది. నీళ్లు మాత్రం రావు. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆ అంకె 42 దాటుతుంది, పైపు ఒకసారి దగ్గి సన్నటి ధార మొదలవుతుంది. పదకొండుకు ఇంచున్నర నీళ్లు నిండుగా పడతాయి. మూడున్నరకు మోటారు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ధార మాత్రం ఆగిపోతుంది.

"ప్యానెళ్లు తక్కువేశారు" అని రైతు గొణుగుతాడు. "బోరులో నీళ్లు కిందికి పోయాయి" అని మెకానిక్ తేల్చేస్తాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కానీ అసలు కారణం ప్యానెళ్లకూ మోటారుకూ మధ్యన ఉన్న డబ్బాలో, ఆ డబ్బాకూ బోరు లోతుకూ ఉన్న పొత్తులో ఉంది. అనంతపురం జిల్లాలో సోలార్ మోటారు విషయంలో వచ్చే తగాదాల్లో చాలా మటుకు ఈ పొత్తు కుదరక వచ్చేవే.

మొదట ప్యానెల్ స్వభావం తెలియాలి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటు మోటారు ఎంత అడిగితే అంత ఇస్తుంది. స్టార్టరు బటన్ నొక్కిన క్షణంలో మోటారు తన మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 8, 9 ఆంప్సే తీసుకున్నా, మొదలయ్యేటప్పుడు 50 దాకా పోతుంది. లైను కాసేపు వంగి, మళ్లీ నిలదొక్కుకుంటుంది. ప్యానెల్‌కు ఆ ఓర్పు లేదు. దాని రెండు తీగలనూ కలిపేసి షార్టు చేసినా, మామూలుగా ఇచ్చే కరెంటు కన్నా అయిదారు శాతానికి మించి ఇవ్వదు. ఇంకా లాగితే వోల్టేజీ కుప్పకూలుతుంది. కాబట్టి మామూలు స్టార్టరుతో బోరు మోటారును ప్యానెళ్ల మీద ఎత్తడం కుదరని పని.

రాయలసీమలో కపిల తోలిన తరానికి ఇది చెప్పనక్కర్లేదు. ఎద్దులు నిండు తోలుబానను ఎంత వేగంతో లాగగలవో అంత వేగమే. అదిలిస్తే కాడి పక్కకు పోతుంది తప్ప నీరు ఎక్కువ రాదు. సోలార్ డబ్బా చేసే పని కూడా కపిల తోలేవాడి పనే. ఎండ ఇవ్వగలిగినంతే మోటారు చేత అడిగిస్తుంది.

ఆ పని చేయడానికి దాని చేతిలో ఉన్నది ఒకే ఒక్క మర, ఫ్రీక్వెన్సీ. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీని డబ్బా ముక్కలు ముక్కలుగా కోసి త్రీఫేజు ఏసీగా మారుస్తుంది. ఆ ఏసీ సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో, అంటే ఎన్ని హెర్ట్జ్‌లో, తనే నిర్ణయిస్తుంది. హెర్ట్జ్ పెరిగితే మోటారు వేగం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. దానితోపాటు వోల్టేజీనీ అదే నిష్పత్తిలో మారుస్తుంది. 415 వోల్టుల మోటారుకు 50 హెర్ట్జ్ అంటే, హెర్ట్జ్‌కు 8.3 వోల్టులు. 25 హెర్ట్జ్ దగ్గర అది 208 వోల్టులు. ఈ నిష్పత్తి చెదరకుండా ఉంటేనే మోటారు లోపలి అయస్కాంత బలం నిలకడగా ఉంటుంది. మొదలెట్టేటప్పుడు తక్కువ హెర్ట్జ్, తక్కువ వోల్టేజీతో లేపుతుంది కాబట్టి ఆ ఆరేడు రెట్ల కుదుపు ఉండదు.

ఎంత హెర్ట్జ్ ఇవ్వాలో దానికెలా తెలుస్తుంది? కొద్దిగా పెంచి చూస్తుంది. ప్యానెళ్ల నుంచి వచ్చే పవరు, అంటే వోల్టులను ఆంప్స్‌తో గుణిస్తే వచ్చేది, పెరిగిందా? ఇంకాస్త పెంచుతుంది. పెంచితే పవరు తగ్గిందా? వెనక్కి వస్తుంది. చీకట్లో కొండెక్కేవాడు అడుగు వేసి, కాలికి ఎత్తు తగిలితే ముందుకు, పల్లం తగిలితే వెనక్కి జరిగినట్టు. అత్యధిక పవరు దొరికే చోటు కోసం చేసే ఈ వెతుకులాటనే ఎంపీపీటీ అంటారు. ఎన్‌.పి.కుంటలో ఎన్టీపీసీ 2016లో నడిపించిన 250 మెగావాట్ల ప్లాంటులోనూ ఇన్వర్టర్లు చేసే వెతుకులాట ఇదే. తేడా ఒక్కటే. అక్కడ దొరికిన పవరు ఎంతైనా గ్రిడ్ మింగేస్తుంది. ఇక్కడ దాన్ని మింగేది 400 అడుగుల లోతులో ఉన్న పంపు, దానికి తనదంటూ ఒక మొండితనం ఉంది.

లోతు పెట్టే మెలిక

ఒక లెక్క చూద్దాం. బోరులో నీటి మట్టం 400 అడుగుల దగ్గర ఉందనుకుందాం. అందులో దించిన పంపు 50 హెర్ట్జ్ దగ్గర, పైన వాల్వు మూసేస్తే, 560 అడుగుల ఎత్తు దాకా నీటిని నెట్టగలదనుకుందాం. పంపు వేగం తగ్గించినప్పుడు మూడు జరుగుతాయి. పోసే నీళ్లు వేగంతో సమానంగా తగ్గుతాయి. నెట్టగల ఎత్తు వేగం వర్గంతో తగ్గుతుంది. లాగే పవరు వేగం ఘనంతో తగ్గుతుంది. వేగం సగమైతే ఎత్తు పావు వంతు, పవరు ఎనిమిదో వంతు.

ఈ మూడింటిలో మూడోదాన్ని చూపించి సోలార్ పంపులను అమ్ముతారు: "ఎండ తక్కువున్నా నిదానంగా తిరుగుతుంది, కొద్దిగానైనా నీళ్లు పోస్తుంది." కాలువ పక్కన గుంటలోంచి తోడే పంపుకు అది నిజమే. లోతు బోరుకు రెండో సూత్రం అడ్డం వస్తుంది. నెట్టగల ఎత్తు 400 అడుగులకు తగ్గిన క్షణం నుంచీ నీరు పైకి రాదు. 400ను 560తో భాగించి వర్గమూలం తీస్తే 0.845, అంటే 42 హెర్ట్జ్ పైచిలుకు. ఈ బోరుకు అదే గీత. అంతకు కింద మోటారు పగలంతా తిరిగినా నీటి స్తంభాన్ని మోస్తూ నిలబడుతుందే గానీ చుక్క పైకి పంపదు. పైగా ఆ నీళ్లే మోటారును చల్లబరచాలి. ధార లేకుండా గంటలకొద్దీ తిరిగితే వేడెక్కుతుంది.

42 దాటాక కథ మారిపోతుంది. పైపు రాపిడిని పక్కన పెట్టి ఈ పంపుకే లెక్క వేస్తే, 43 హెర్ట్జ్ దగ్గర పూర్తి ధారలో 30 శాతం, 44 దగ్గర 46 శాతం, 46 దగ్గర 68, 48 దగ్గర 85 శాతం నీళ్లు వస్తాయి. సున్నా నుంచి నూరు దాకా మొత్తం వ్యవహారం ఎనిమిది హెర్ట్జ్‌లలో ముగిసిపోతుంది. 44 నుంచి 43కు ఒక్క హెర్ట్జ్ తగ్గితేనే ధారలో మూడో వంతు పోతుంది. అందుకే ఎండలో చిన్న మార్పు వచ్చినా బోరు ధారలో పెద్ద మార్పు కనిపిస్తుంది, ప్యానెళ్ల మీద దుమ్ము రైతుకు ఇంత ఖరీదు పడుతుంది.

42 హెర్ట్జ్ చేరడానికే ఘన సూత్రం ప్రకారం పూర్తి పవరులో 60 శాతం కావాలి. నీరు పోయని స్థితిలో పంపు కాస్త తక్కువ లాగుతుంది కాబట్టి అసలు అంకె దానికి కొంత దిగువన ఉంటుంది. అయినా సగానికి పైమాటే. 40 అడుగుల బావిలో 100 అడుగుల సత్తా ఉన్న పంపు వేస్తే ఈ గీత 32 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, పావు వంతు పవరుకే నీళ్లు మొదలవుతాయి. బావి రైతుకు రోజులో దొరికే నీటి గంటలు లోతు బోరు రైతుకు దొరకవు. ఒకే కంపెనీ ప్యానెళ్లు, ఒకే డబ్బా, ఒకే ఎండ. అయినా ఒకరు మెచ్చుకుంటారు, ఇంకొకరు తిట్టుకుంటారు.

మరి 50 హెర్ట్జ్ ఎప్పుడు చేరుతుంది? కేంద్ర పథకాల నిర్దేశాల ప్రకారం 5 హెచ్‌పీ పంపుకు ఇచ్చేది 4800 వాట్ల ప్యానెళ్లు. ఆ 4800 వాట్లు ప్యానెల్ 25 డిగ్రీల చల్లదనంలో ఉన్నప్పటి అంకె. ఏప్రిల్‌లో మధ్యాహ్నం గాలే 40 డిగ్రీలు దాటితే, నల్లటి ప్యానెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున కోత పడితే మిగిలేది నాలుగు వేల వాట్లు. దుమ్ము కొంత తింటుంది. బోరు మోటారు సామర్థ్యం 75 శాతం అనుకుంటే, పూర్తి లోడు మీద 5 హెచ్‌పీకి దాదాపు 5000 వాట్లు కావాలి. దొరికే పవరుతో ఆ మోటారు 46, 47 హెర్ట్జ్‌కు మించి ఎక్కదు. అంటే పైన చెప్పిన పంపులో మండుటెండలో సైతం 70 శాతం చిల్లర ధారే. "కరెంటు మోటారు అయిదు హెచ్‌పీ, సోలార్ మోటారు అయిదు హెచ్‌పీ, నీళ్లు మాత్రం ఒక్కటి కావు" అన్న మాట నిజమే.

దీనికి ముందు గుర్తొచ్చే మందు మరిన్ని ప్యానెళ్లు. పనిచేస్తుంది. డబ్బా తనకు అవసరమైనంతే తీసుకుంటుంది కాబట్టి వాట్లు ఎక్కువైతే మోటారు కాలదు, పొద్దున సాయంత్రం నీటి గంటలు పెరుగుతాయి. అంతకన్నా చవకైన మందు పంపును మార్చడం. అదే హెచ్‌పీలో స్టేజీలు (నీటిని నెట్టేందుకు ఒకదానిపై ఒకటి పేర్చిన చక్రాలు) ఎక్కువున్న, నీళ్లు తక్కువ పోసే పంపు తీసుకోవాలి. 560 బదులు 800 అడుగులు నెట్టగలిగే పంపు వేస్తే, అదే 400 అడుగుల బోరులో గీత 35 హెర్ట్జ్‌కు దిగుతుంది. మధ్యాహ్నం ధార లావు తగ్గుతుంది, కానీ ధార పడే సమయం బాగా పెరుగుతుంది. అనంతపురం బోర్లలో ఊరే నీరే తక్కువ. వాటికి కావలసింది కూడా సన్నగా ఎక్కువసేపు తోడే పంపే. అయినా దుకాణంలో రైతు అడిగేది "ఎక్కువ నీళ్లు పోసేది". కరెంటు మోటారు నాటి అలవాటు అది. త్రీఫేజు ఉన్న గంటల్లోనే తోడుకోవాలన్న ఆత్రం సోలార్‌కు పనికిరాదు.

ప్యానెళ్ల చట్రాన్ని పొద్దున తూర్పుకు, మధ్యాహ్నం నడినెత్తికి, సాయంత్రం పడమటికి చేత్తో తిప్పే ఏర్పాటు ఉంటే దాన్ని వాడాలి. చాలా తోటల్లో అది తుప్పు పట్టి ఉంటుంది. 42 గీతను గంట ముందు దాటించే శక్తి ఆ తిప్పడానికి ఉంది.

వేసవిలో పడిపోయే వోల్టేజీ

పవరు ఒక్కటే చాలదు, వోల్టేజీ కూడా కావాలి. 415 వోల్టుల ఏసీ పుట్టాలంటే డీసీ వైపు కనీసం 587 వోల్టులు ఉండాలి. ఏసీ వోల్టేజీని 1.414తో గుణిస్తే వచ్చే అంకె ఇది. 330 వాట్ల పాతరకం ప్యానెల్ మంచి పవరు ఇచ్చే చోటు 37.5 వోల్టులు. పదిహేనింటిని వరుసగా కలిపితే 562. కాగితం మీద దాదాపు సరిపోయింది. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ 562 కాస్తా 470 అవుతుంది. దాని నుంచి వచ్చే ఏసీ 332 వోల్టులు. హెర్ట్జ్‌కు 8.3 చొప్పున భాగిస్తే 40 హెర్ట్జ్. గీత 42 దగ్గరుంటే, సంవత్సరంలో అత్యంత ఎండ ఉన్న రోజున నీళ్లు రానంత పని!

నిజానికి డబ్బా అక్కడితో ఆగదు. వోల్టేజీ పెంచలేకపోయినా హెర్ట్జ్ మాత్రం పెంచుతూ పోతుంది. మోటారు అయస్కాంత బలం పలచబడుతుంది, అదే బరువు లాగడానికి ఎక్కువ ఆంప్స్ తీసుకుంటుంది, వైండింగు వేడెక్కుతుంది. మే నెలలో కాలిపోయిన మోటార్లను "వేడికి పోయింది" అంటారు. ఆ వేడి బయటి ఎండది కాకపోవచ్చు.

పోనీ 18 ప్యానెళ్లు వరుస కలిపితే? వేసవి బాధ తీరుతుంది. అప్పుడు చలికాలం తంటా వస్తుంది. డిసెంబరులో పొద్దు పొడిచే వేళ ప్యానెల్ చల్లగా, మోటారు ఆగి ఉన్నప్పుడు ఒక్కోటి 46 వోల్టుల పైన చూపిస్తుంది. పద్దెనిమిదికి 820 దాటుతుంది. 800 వోల్టులే తట్టుకునే డబ్బా అయితే మొదటి ఎండ కిరణానికే పోతుంది. 15, 18 మధ్య ఎక్కడ ఆగాలన్నది ఆ ఊరి చలినీ ఎండనూ డబ్బా వెనక అతికించిన చీటీనీ చూసి తేల్చవలసిన సంగతి. పక్క జిల్లాలో వేసినట్టే వేస్తే సరిపోదు.

ఇదే చోట ఇంకో పొరపాటు. చవకరకం డబ్బాల్లో వెతుకులాట ఉండదు, ఒక స్థిరమైన డీసీ వోల్టేజీ అంకెను బిగించేవాడే ఎక్కిస్తాడు. డిసెంబరులో వచ్చి 550 అని పెట్టిపోతే, ఏప్రిల్‌లో మంచి పవరు దొరికే చోటు 470కి జారిపోయి ఉంటుంది. డబ్బా 550నే పట్టుకుని వేలాడుతుంది, ప్యానెళ్ల సత్తాలో చాలా భాగం వృథా అవుతుంది. బోరు ఎండిపోయిందని అనుకుని ఇంకో బోరు వేయించే ముందు ఈ ఒక్క అంకె చూడటం మంచిది.

కొత్తగా వస్తున్న 540 వాట్ల పెద్ద ప్యానెళ్లతో ఈ చిక్కు మరింత ముదిరింది. 4800 వాట్లకు తొమ్మిది ప్యానెళ్లే సరిపోతాయి. ఒక్కోటి 41, 42 వోల్టులు, మొత్తం 375. దీంతో 415 వోల్టుల మోటారు నడవదు. అందుకే ఇలాంటి సెట్లలో మోటారునే తక్కువ వోల్టేజీకి చుట్టి ఇస్తారు. మోటారు చీటీ మీద 415 ఉండదు, 230 ఉండవచ్చు, 240 ఉండవచ్చు. ఆ చీటీ మోటారుతోపాటు బోరులోకి దిగిపోతుంది. ఎవరూ ఫొటో తీసి పెట్టుకోరు.

రెండేళ్లకు మోటారు కాలుతుంది. గొలుసు, ముక్కాలిపీట తెచ్చి పైపులు తీస్తారు. వైండింగు షాపులో పదిరోజులు పడుతుందంటే, తోట ఎండిపోతుందని రైతు కొత్త 415 వోల్టుల మోటారు కొని దించుతాడు. డబ్బాలో మాత్రం 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అన్న పాత అంకెలే ఉంటాయి. హెర్ట్జ్‌కు 8.3 రావలసిన చోట 4.6 వస్తుంది. అయస్కాంత బలం 55 శాతం, మెలిపెట్టే బలం దాని వర్గంతో పడిపోయి 31 శాతం. మోటారు మూలుగుతుంది, డబ్బా ఓవర్‌లోడ్ అని ఆగిపోతుంది. నింద ప్యానెళ్ల మీద పడుతుంది. దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకా ఘోరం. మబ్బు పట్టిందని 230 వోల్టుల మోటారును లైను కరెంటుకు తగిలిస్తే అది కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక్కడ అనుభవమున్న వైండింగు మేస్త్రీ చేసే పని ఒకటుంది. 415 వోల్టుల మోటారు లోపల స్టార్ కలుపు (మూడు చుట్ల కొసలు ఒకచోట కలిసేది) ఉంటే దాన్ని విప్పి డెల్టాగా (మూడూ త్రిభుజంలా) కలుపుతాడు. 415ను 1.732తో భాగిస్తే 240. తీగ మార్చకుండానే మోటారు 240 వోల్టులది అవుతుంది. అయితే ఆంప్స్ 1.73 రెట్లవుతాయి. 8.5 ఉన్నచోట 15 దాకా. డబ్బా ఆ ఆంప్స్‌కు తగినదై ఉండాలి. కేబులు సంగతి ఇంకా ముఖ్యం. 600 అడుగుల లోతుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేస్తే 415 వోల్టుల మోటారుకు దారిలో 13 వోల్టులు పోతాయి, అంటే 3 శాతం. 240 మోటారుకు 22 వోల్టుల పైన, అంటే 9 శాతం పోతాయి. తక్కువ వోల్టేజీ మోటారు వేస్తే లావు కేబులు తప్పదు. సెట్టుతో వచ్చిన కేబులు పొడవు చాలక పాత సన్న కేబులుతో అతుకు వేసిన చోటల్లా ఆ నష్టం రోజూ జరుగుతూనే ఉంటుంది.

పొడుగు కేబులుకు మరో గుణం కూడా ఉంది. డబ్బా పంపేది నున్నటి ఏసీ కాదు, సెకనుకు వేలసార్లు కోసిన డీసీ ముక్కలు. ఆ కోతల అంచులు పొడవాటి కేబులు చివర మోటారును తాకి వెనక్కి తిరుగుతాయి. దాంతో మోటారు మూతి దగ్గర వోల్టేజీ క్షణకాలం డీసీకి రెండింతల దాకా పోతుంది. 600 వోల్టుల చోట 1200. పాత తీగతో రీవైండింగు చేసిన మోటారు ఇన్సులేషన్ దీన్ని చాలాకాలం భరించలేదు. డబ్బాకూ కేబులుకూ మధ్య రియాక్టరు అనే తీగచుట్ట లేదా ఫిల్టరు పెడితే ఆ అంచులు మొద్దుబారతాయి. లోతు బోర్లకు ఇది అదనపు హంగు కాదు, ఉండి తీరాల్సిన సామాను.

బోరు ఆగే చోట

ఇంతవరకూ చెప్పింది కింది గీత గురించి. అనంతపురంలో పై గీత కూడా ఉంది. బోరులో ఊరే నీటి కన్నా ఎక్కువ తోడితే మట్టం పంపు దాకా దిగి, గాలి పట్టి, మోటారు వట్టిగా తిరుగుతుంది. ఇంచు, ఇంచున్నర నీళ్ల బోర్లలో మండుటెండ వేళ 46 హెర్ట్జ్ దాటితే ఇది మామూలు. కింద 42, పైన 46. నీరు వచ్చి, బోరూ ఆగకుండా ఉండే సందు కొన్నిచోట్ల నాలుగు హెర్ట్జ్‌లే.

వట్టిగా తిరగడాన్ని కనిపెట్టడం సోలార్‌లో అంత తేలిక కాదు. లైను కరెంటు మీద ఆంప్స్ తగ్గాయంటే నీరు లేదని అర్థం. ఇక్కడ ఎండ తగ్గినా ఆంప్స్ తగ్గుతాయి. తెలివైన డబ్బా ఆ హెర్ట్జ్ దగ్గర ఎంత పవరు ఉండాలో గుర్తుంచుకుని దానితో పోల్చుకుంటుంది. తెలివి లేనిది ఒకే అంకె పట్టుకుని మబ్బు వచ్చినప్పుడల్లా "నీళ్లు లేవు" అని ఆగిపోతుంది. విసిగిపోయిన మెకానిక్ ఆ కాపలానే తీసేస్తాడు. తర్వాత నిజంగా నీళ్లు లేని రోజున మోటారును ఆపేవాళ్లుండరు. బోరులో రెండు తీగల సెన్సరు దించుకుంటే ఈ అనుమానం ఉండదు.

దీనికన్నా సులువైనది గరిష్ఠ హెర్ట్జ్‌ను తగ్గించి పెట్టుకోవడం. 50 అని ఉన్న చోట 45 అని మార్చితే ధార సన్నబడుతుంది కానీ తెగదు. ఆగి, బోరు ఊరే దాకా అరగంట వేచి, మళ్లీ లేచి, మళ్లీ 42 దాకా ఎక్కే చాకిరీ తప్పుతుంది. అలా ఆగి లేచే మోటారు కన్నా సన్నగా ఆగకుండా తిరిగే మోటారు సాయంత్రానికి ఎక్కువ నీళ్లు పోసే అవకాశమే ఎక్కువ. నీటి మట్టం కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ అంకె కూడా మారాలి. వానల తర్వాత ఒకటి, మార్చి తర్వాత ఇంకొకటి. భూగర్భ జలం గురించి మాట్లాడేవాళ్లు ఖర్చులేని ఎండతో రైతు ఇష్టారాజ్యంగా తోడేస్తాడని భయపడతారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కన్నా ఈ ఒక్క అంకె బోరును ఎక్కువ కాపాడగలదేమో, బోరు ఆగిపోతే నష్టం ఎవరికన్నది రైతుకు వెంటనే కనిపిస్తుంది కనుక.

హెర్ట్జ్‌కు కింది హద్దు కూడా పెట్టాలి. సబ్‌మెర్సిబుల్ మోటారు బరువంతా మోసే థ్రస్ట్ బేరింగు మధ్యలో పలచటి నీటి పొర ఉంటుంది. అది వేగం వల్లనే నిలుస్తుంది. 30 హెర్ట్జ్‌కు కింద తిరిగితే పొర తెగి బేరింగు రాసుకుంటుంది. అందుకే లేపేటప్పుడు 30 దాకా ఒక సెకనులోనే తీసుకుపోవాలి, ఆ పైన మాత్రం నిదానంగా పెంచాలి. ఉపరితల మోటార్లకు పెట్టే మెల్లని పరుగును బోరు మోటారుకూ పెట్టేయడం తరచూ కనిపించే తప్పు.

జూన్, జులై నెలలు ఈ డబ్బాలకు అసలైన పరీక్ష. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లా ఇది. పడమటి గాలికి మబ్బులు పరుగెత్తుతాయి, వాన మాత్రం పడదు. ఎండ, నీడ నిమిషానికోసారి మారిపోతుంటాయి. మబ్బు అంచు ప్యానెళ్ల మీదికి రాగానే డీసీ వోల్టేజీ జారుతుంది. డబ్బా ఆ క్షణంలోనే హెర్ట్జ్ తగ్గించాలి. ఆలస్యమైతే వోల్టేజీ కూలి మొత్తం ఆగుతుంది, మళ్లీ లేవడానికి పెట్టిన అయిదు నిమిషాల గడువు మొదలవుతుంది. ఆ గడువులో రెండు మబ్బులు పోయి మూడోది వస్తుంది. మరీ తొందరగా స్పందించేలా పెడితే మోటారు ఊయలలా పైకీ కిందికీ ఊగుతుంది, పైపులో ఆ ఊపు వినిపిస్తుంది. గడువును పూర్తిగా తీసేయడం కూడా ప్రమాదమే. కింద వాల్వు కారుతుంటే పైపులోని నీళ్లు వెనక్కి దిగుతూ పంపును ఎదురు తిప్పుతాయి. అప్పుడు మోటారును ముందుకు లేపితే షాఫ్టు మీద పడే దెబ్బ మామూలుది కాదు.

నీడ విషయం కూడా ఇంతే. వరుసగా కలిపిన పదిహేనింటిలో ఒక్క ప్యానెల్ మీద వేపచెట్టు నీడ పడితే, బైపాస్ డయోడు దాన్ని పక్కకు తప్పించినా, వోల్టేజీ తగ్గి పవరు కొండకు రెండు శిఖరాలు పుడతాయి. అడుగడుగూ తడుముకుంటూ ఎక్కే డబ్బా చిన్న శిఖరం మీదే ఆగిపోయి అదే పైభాగమనుకుంటుంది. ఒక కొమ్మ కొట్టేస్తే తీరేదానికి సర్వీసు వాళ్లను పిలిపిస్తుంటారు.

బ్రష్‌లెస్ మోటార్ల మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. రోటరులో శాశ్వత అయస్కాంతాలుంటాయి కాబట్టి సామర్థ్యం ఎక్కువ, అవే ప్యానెళ్లకు ఎక్కువ నీళ్లు. నిజమే. కానీ ఆ మోటారుకు డబ్బానే ప్రాణం. రోటరు ఏ స్థితిలో ఉందో డబ్బా మోటారులో పుట్టే ఎదురు వోల్టేజీని బట్టి ఊహించి, దానికి తగ్గట్టు కరెంటును మారుస్తుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు ఆ వోల్టేజీ ఉండదు, అందుకే మొదట గుడ్డిగా తిప్పి, కొంత వేగం వచ్చాక అదుపులోకి తీసుకుంటుంది. డబ్బా పోతే ఆ మోటారును లైను మీదా నడపలేరు, వేరే కంపెనీ డబ్బాతోనూ నడపడం కష్టం. కళ్యాణదుర్గంలోనో రాయదుర్గంలోనో వైండింగు షాపు వాళ్లు చేతులెత్తేస్తారు. పిందె పట్టిన చీనీ చెట్టు విడి భాగం వచ్చేదాకా ఆగదు. సర్వీసు మండల కేంద్రం దాకా వచ్చేవరకూ మామూలు ఇండక్షన్ మోటారే ఈ జిల్లాకు క్షేమం.

డ్రిప్పుకు నేరుగా కలిపిన చోట ఇంకో లెక్క చేరుతుంది. డ్రిప్పుకు కిలో ఒత్తిడి (చదరపు సెంటీమీటరుకు కిలో) కావాలంటే 33 అడుగుల ఎత్తు అదనంగా మోసినట్టే. 400 కాస్తా 433 అవుతుంది, గీత 42 నుంచి 44కు పోతుంది. ఒత్తిడి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటిగా ఉంటే చివరి చెట్లకు నీరు అందదు, వెంచురీ గొట్టం ఎరువును పీల్చదు. బోరు నుంచి గుంటలోకో తొట్టిలోకో పోసి, అక్కడి నుంచి చిన్న పంపుతో డ్రిప్పుకు ఇచ్చేవాళ్లు తెలివైనవాళ్లు. గుంటకు స్థలం లేనివాళ్లు పొద్దున ఒక వాల్వు, మధ్యాహ్నం రెండు వాల్వులు తెరుచుకుంటూ నెట్టుకొస్తారు.

తోటకు నీరు అక్కర్లేని రోజుల్లో అదే డబ్బాతో పిండిమర, గడ్డి కోసే మిషను, శెనక్కాయలు ఒలిచే మిషను నడిపే వీలున్న కంట్రోలర్లు వచ్చాయి. పంపు సెట్టింగుతోనే వాటిని నడపకూడదు. పంపుకు వేగం తగ్గితే బరువూ తగ్గుతుంది. గడ్డి మిషనుకు తగ్గదు. నిదానంగా తిరిగినా కట్టను కోయాలంటే అంతే బలం కావాలి. మబ్బు వచ్చి హెర్ట్జ్ జారితే పంపు సర్దుకుంటుంది, గడ్డి మిషను కట్ట మధ్యలో ఇరుక్కుని నిలిచిపోతుంది. ఇరుక్కున్న గడ్డిని చేత్తో లాగబోయినప్పుడు మబ్బు తొలగితే మిషను దానంతటదే లేస్తుంది. ఎండ రాగానే తనకు తాను మొదలయ్యే సెట్టింగు బోరుకు వరం, కత్తులున్న మిషనుకు ముప్పు. మిషను తగిలించే ముందు దాన్ని తీసేసి, బటన్ నొక్కితేనే లేచేట్టు పెట్టాలి.

డీసీ స్విచ్చి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చి తెరవగానే నిప్పు దానంతటదే ఆరిపోతుంది. 600 వోల్టుల డీసీకి సున్నా అంటూ ఉండదు. పాత ఇంటి మెయిను స్విచ్చినో మామూలు ఎంసీబీనో ప్యానెళ్ల వైపు పెట్టి, మోటారు నడుస్తుండగా తెరిస్తే, నిప్పు తాడులా సాగి స్విచ్చినే కరిగిస్తుంది. డీసీ అని రాసి ఉన్నదే పెట్టాలి. ముందు డబ్బా మీద బటన్‌తో మోటారు ఆపి, ఆ తర్వాతే స్విచ్చి తీయాలి. డబ్బా మూత విప్పాలంటే స్విచ్చి తీశాక పది నిమిషాలు ఆగాలి. లోపలి కెపాసిటర్లు అంతసేపూ ఆ వోల్టేజీని పట్టుకునే ఉంటాయి, తెర మీద దీపాలన్నీ ఆరిపోయి ఉన్నా సరే.